కాకెంగిలి

మహారాణిపేటలో మెట్ల కింద మా ల్యాబు.
ఏసీ ఆగిన రాత్రి సముద్రం వినపడుతుంది.
ప్రతి మంగళవారం ఊదా మూత గొట్టం ఒకటి:
సూరాడ జోషిత, తొమ్మిదేళ్లు,
కిడ్నీ మార్చి ఏడు నెలలు.

మూడు మిల్లీలీటర్ల రక్తంలో
నేను వెతికేది ఆ పిల్లని కాదు,
ఆ పిల్లలో అద్దె కట్టకుండా ఉంటున్నవాణ్ణి.

ఎప్‌స్టీన్ బార్ వైరస్.
పేరుకి పరాయిది గానీ మనందరి చుట్టమే.
చొక్కా అంచు కప్పి కొరికిన జీడిలో,
కాకెంగిలి, తప్పు లేదని
ఒకరినొకరం ఒప్పించుకున్న జామకాయ ముక్కలో
చొంగతో వచ్చి
తెల్లకణంలో ముడుచుకుని పడుకుంటుంది.
కావలి ఉన్నంతకాలం లేవదు.

జోషితకి ఆ జీడి ఎవరూ పెట్టలేదు.
రెండేళ్లకే కిడ్నీలు చెడిన పిల్లని
వేరే గ్లాసు, వేరే కంచం, మరిగించిన చెంచా.
వాళ్లమ్మ ముద్దు కూడా నుదుటి మీదే.
ఆపరేషన్ ముందు పరీక్షలో
పిల్ల కాగితం తెల్లగా వచ్చింది,
తండ్రి కాగితం మీద పాత గుర్తు ఉంది.
ఎల్లాజీ ఎడమ కిడ్నీతో పాటే
ఇన్నేళ్లు దూరం పెట్టిన ఎంగిలంతా
ఒక్క పూటలో దాటింది.

యంత్రానిది తలకిందుల లెక్క.
చుట్టు చుట్టుకీ ఉన్నదాన్ని రెట్టింపు చేస్తుంది.
ఎక్కువుంటే త్వరగా కనపడుతుంది,
లేకపోతే నలభై చుట్లు తిప్పినా గీత నేల విడవదు.
మొదటి మంగళవారం ముప్ఫై నాలుగో చుట్టుకి తల ఎత్తింది.
ఆపై వారం ముప్ఫై ఒకటి.
ఆపై ఇరవై ఎనిమిది.
మూడు చుట్లు ముందుకి జరిగితే దాదాపు పదింతలు.
అనుమానమొచ్చి మళ్లీ పెట్టాను.
అదే వచ్చింది.

ఎల్లాజీ ఇప్పుడు వేటకెళ్లడం లేదు.
ఫిషింగ్ హార్బర్లో ఐసు తూస్తున్నాడు.
తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని
కాగితం అందుకున్నాడు.
"ఎంతొచ్చినాదమ్మా?"
మిల్లీలీటరుకి అరవై రెండు వేలు.
"సానా ఎక్కువేటి?"
పోయినసారి కంటే ఎక్కువ, అన్నాను.
ఇంకో ల్యాబులో చేయించకండి,
వాళ్ల కుంచం వేరు, మా కుంచం వేరు.
మరి ఇదే జబ్బా అంటే,
అంకె జబ్బు కాదు, కుక్క అరుపు.
దొంగో పిల్లో, లేచి చూడాల్సింది డాక్టరు.

కాసేపు ఆ సున్నాలనే చూసి
"బకెట్టు నీళ్లు తోడి
సేపలు లెక్కెట్టినట్టన్నమాట.
గుంపుందని తెలుస్తాది.
ఎక్కడుందో తెలవాలంటే వలెయ్యాల," అన్నాడు.

నా చదువులో ఎవరూ ఇలా చెప్పలేదు.

వల వేశారు. గురువారం, మెడ పక్క గడ్డలోకి సూది.
ఆ ముక్క పై అంతస్తులో ఉంది,
జవాబు ఇంకా దిగలేదు.
ఈలోగా టాక్రోలిమస్ సగానికి దించారు,
కావలివాళ్లకి కాస్త మెలకువ రావాలని.
లేచినవాళ్లు ఆ అద్దెవాణ్ణి తరుముతారో,
నాన్న కిడ్నీనే పరాయిదని కరుస్తారో,
దానికి వేరే గొట్టం, వేరే మూత.
ఆ బల్ల నాది కాదు.

పని నేర్చుకునే రోజుల్లో ఓసారి
నా రక్తమే పెట్టి చూసుకున్నాను.
'కనపడలేదు' అని ప్రింటు వచ్చింది.
తాటిచెట్లపాలెం బడిలో నేను కొరికిన జీళ్లు
దానికేం తెలుసని నవ్వొచ్చింది.
అప్పట్నుంచీ రిపోర్టులో ఆ మాట దగ్గర
వేళ్లు ఒక్క క్షణం ఆగుతాయి.
కనపడలేదు అంటే లేదు అని కాదు.

మళ్లీ మంగళవారం.
ఊదా మూత. అదే పేరు, అదే చేతిరాత.
అటెండరు రాజారావు టీ తెచ్చి
బల్ల అంచున పెట్టి వెళ్లాడు.
తెర మీద గీత
ఇరవై ఎనిమిది దాటింది.
ఇరవై తొమ్మిది.
ముప్ఫై.
ఇంకా నేల మీదే ఉంది.
ముప్ఫై ఒకటి.